పైడమ్మ చీటీల కట్ట

డాక్టర్ ఆదివరాహం గారికి ఒక అలవాటు. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పక్కన కుర్చీ వేయించి కూర్చోమంటారు. బొబ్బిలిలో ఆయన దగ్గర కొత్తగా చేరిన ప్రసూన ఒక ఉదయం అడిగింది: "ఎన్ని మందులు వాడినా తగ్గని అజీర్తిని మనసులో పుట్టిందని రాసేయవచ్చా సార్?"

ఆయన కుర్చీ చూపించారు.

ఆ పూట మొదట వచ్చింది ఆవకాయ పెట్టి అమ్ముకునే పైడమ్మ. పదకొండేళ్లుగా కడుపుబ్బరం, గుండెల్లో మంట. బల్ల మీద డాక్టర్లు రాసిచ్చిన చీటీల కట్ట పెట్టింది. "కోపం తగ్గించుకోమన్నారు బాబూ. కోపం మానేసినాను, కారం మానేసినాను. రుచి చూడకుండా కలిపితే నా ఆవకాయ ఎవరికీ నచ్చలేదు, బేరాలు పోయాయి. మంట మాత్రం నన్ను మానలేదు."

డాక్టరుగారు మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నారు. మలపరీక్ష రాశారు. కడుపు లోపలి పొరను అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవి ఒకటి బయటపడింది. రెండు వారాలు మాత్రలు వాడించి, నెల ఆగి మళ్లీ పరీక్షిస్తే దాని జాడ లేదు. మంటా లేదు.

ఆ రెండో పరీక్ష ఫలితం విన్న పైడమ్మ ముఖం చూడగానే ప్రసూనకు హుషారొచ్చింది. 'అజీర్తికి కారణం క్రిమి' అని పుస్తకంలో రాసుకుంటూ ఉండగానే పైడమ్మ అడిగింది: "మా ఇంటాయనకీ పరీక్ష చేయించారు కదా బాబూ, ఆయన కడుపులోనూ అదే పురుగట. పచ్చిమిరపకాయలు నంజుకు తింటాడు, ఒక్క తేన్పయినా రాదు. అదేటి?"

ప్రసూన కలం ఆగిపోయింది. గురువు ఏం చెబుతారా అని చూసింది.

"నాకూ తెలీదమ్మా" అన్నారాయన.

ఇక పనిలేదని పైడమ్మ వదిలేసి వెళ్లిన చీటీలను ప్రసూన తేదీల వరసన సర్దసాగింది. అన్నిటికన్నా అడుగున, పదకొండేళ్ల కిందటి తేదీతో, మడతల్లో చిరుగుపట్టిన కాగితం మీద ఒకే మాట ఉంది: ఆందోళన. కింద సంతకం చూసి ఆమె ఉలిక్కిపడింది. చీటీని ఆయన ముందు పెట్టింది.

"ఆ రోజే ఈ పరీక్ష ఎందుకు రాయలేదు సార్?"

ఆయన చీటీ అందుకుని తన సంతకం మీద వేలు పెట్టారు.

"ఆ రోజు నాకు జవాబు తెలుసమ్మా."