బడి వదలని అన్నదమ్ములు

గుమ్మడివలసలో గవరయ్య ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, గవరయ్యే అనేవాడు. తమ్ముడు సన్నాసప్పడు అవునవునని తలూపేవాడు. గవరయ్య పెళ్ళాం నరసయ్యమ్మ తమ ఇద్దరికంటే తెలివైనదని అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

"ఊళ్ళోవాళ్ళకి ఒక మాట చెబితే దానికి వేరే అర్థమేదో ఉందని బుర్ర పాడుచేసుకుంటారు. మనకా బాధే లేదు!" అని గవరయ్య మురిసిపోయేవాడు.

ఆ అన్నదమ్ములు పనిచేసే గోనెసంచుల మిల్లు ఒకరోజు మూతపడింది. అంతే! నెల తిరక్కముందే ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడింది. నరసయ్యమ్మ ఇద్దర్నీ వెంటబెట్టుకుని, పట్నంలో నిరుద్యోగ భృతి ఇచ్చే ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడ దమయంతి గారని ఒక ఆఫీసరమ్మ ఉంది. మంచి మనిషి. అన్నీ ఓపిగ్గా చెప్పింది.

"మీకు పని దొరికేదాకా భృతి వస్తుంది నాయనా. ఊరికే కూర్చోకండి, కొళాయిల పని నేర్పే బడి ఉంది, అందులో చేరండి. చదువుకుంటున్నారని భృతి ఆపం. కానీ ఒక పక్క పని వెతుకుతూనే ఉండాలి. ఇంకో పక్క బడి వదలకూడదు. వదిలారా, భృతి బంద్!"

ముగ్గురూ దండం పెట్టి బయటికొచ్చారు. బస్సంతా ఖాళీగానే ఉంది. అయినా ముగ్గురూ ఊరిదాకా నిలబడే వచ్చారు. కూర్చోకండి అంది కదా మరి!

తెల్లారగానే పని వెతకడం మొదలుపెట్టారు. గవరయ్య మంచం కింద దూరాడు. సన్నాసప్పడు అటకెక్కి పాత చాటలూ బుట్టలూ కిందికి విసిరాడు. నరసయ్యమ్మ పప్పుల డబ్బాలన్నీ చాప మీద బోర్లించింది.

పక్కింటి ఎర్నమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏటే నరసయ్యమ్మా, ఏటి పోయింది?"

"పని పోయిందత్తా! వెతుకుతున్నాం."

"అయ్యో! ఎక్కడ పోయింది?"

"మిల్లులో."

"మరి మిల్లులో పోయినదాన్ని ఇంట్లో వెతుకుతారేటే?"

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నిజమే కదా! ఇంకేముంది, అన్నదమ్ములు మిల్లుకి పరుగో పరుగు. గేటుకి తాళముంటే గోడ దూకారు. మిషన్ల కిందా, గోనెల సందుల్లోనూ దేవులాడుతుంటే కాపలావాడు కర్ర పట్టుకొచ్చాడు.

"ఎవర్రా అది? ఇక్కడేం పని మీకు?"

గవరయ్య మొహం విప్పారింది. "తమ్ముడూ, ఇక్కడే ఉందిరా! ఏం పనో నువ్వే చెప్పు బాబూ, ఏదైనా చేస్తాం."

"ఏం పనని నేనడుగుతున్నాను!"

"మేమూ అదే కదా అడుగుతున్నాం!"

"మీకిక్కడ ఏ పనీ లేదు, పొండి!"

"లేనప్పుడు ఉన్నట్టు ఎందుకన్నావు?" అని సన్నాసప్పడు దెబ్బలాటకి దిగాడు. అంతే! కాపలావాడు ఇద్దర్నీ మెడ పట్టి బయటికి నెట్టాడు. మెడలు రుద్దుకుంటూ అటునుంచి అటే కొళాయిల బడికి వెళ్ళి చేరారు.

బడిలో వీరభద్రం మాస్టారు పాఠం మొదలెట్టాడు. అందరూ బల్లల మీద కూర్చుంటే వీళ్ళిద్దరూ నిలబడ్డారు. కూర్చుంటే భృతి పోతుందని గవరయ్య అంటే, మాస్టారు తల కొట్టుకుని పాఠం సాగించాడు. కాసేపయ్యాక, "ఏం గవరయ్యా, పాఠం బుర్రకెక్కిందా?" అనడిగాడు. గవరయ్య గబగబా పుస్తకం నెత్తిన పెట్టి, జారిపోకుండా తువ్వాలుతో కట్టేసుకున్నాడు.

"ఇప్పుడెక్కింది మాస్టారూ!"

క్లాసంతా గొల్లుమంది. అంతలో సాయంత్రం గంట కొట్టారు. వీధిలోంచి ఎవరో, "బడి వదిలేశారోయ్!" అని కేకేశారు.

అన్నదమ్ముల గుండెలు గుభేలుమన్నాయి.

"అన్నా, బడి వదిలేశారంట! భృతి పోయింది!"

"వాళ్ళు వదిలితే వదిలారు, మనం వదలొద్దు! పట్టుకోరా!"

ఇంకేముంది! గవరయ్య స్తంభాన్ని కావలించుకున్నాడు. సన్నాసప్పడికి ఏమీ దొరక్క గోడకున్న నీళ్ళ పైపుని పట్టుకుని వేలాడాడు. మాస్టారు బతిమాలాడు, కసిరాడు. ఎంత లాగితే అంత గట్టిగా పట్టుకున్నారు. వీళ్ళింకా రాలేదని వెతుక్కుంటూ వచ్చిన నరసయ్యమ్మ సంగతి విని, "అయ్యో, మీ ఇద్దరి బలమేం చాలుద్ది!" అని తలుపు రెక్క పట్టుకుంది.

అప్పుడు ఫెళ్ళుమని పైపు ఊడి సన్నాసప్పడి చేతిలోకి వచ్చేసింది. నీళ్ళు ఎగజిమ్మాయి. బల్లలు తడిశాయి, పుస్తకాలు తేలాయి.

"ముందు కొళాయి కట్టెయ్యండర్రా!" అని అరిచాడు మాస్టారు.

అంతే! నరసయ్యమ్మ దండెం తాడు విప్పుకొచ్చింది. గవరయ్య కొళాయిని కిటికీ ఊచకి కట్టాడు. సన్నాసప్పడు ఇంకో ముడి వేశాడు.

"కట్టేశాం మాస్టారూ! ఇక ఎక్కడికీ పోలేదు!"

మాస్టారు మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళి, తనే నీళ్ళు ఆపి, దమయంతి గారికి ఫోన్ చేశాడు. ఆవిడ వచ్చేసరికి ముగ్గురూ తడిసి వణుకుతున్నారు.

"వీళ్ళ పేర్లు కొట్టెయ్యండి మేడం గారూ, నాకు బడి మిగలదు," అన్నాడు మాస్టారు.

సన్నాసప్పడు ఊడిన పైపుని గుండెలకి హత్తుకుని బావురుమన్నాడు. "బడి ముక్క ఊడొచ్చింది గానీ, నేను మాత్రం వదల్లేదమ్మా!"

"రేపు పొయ్యిలోకి పుల్లుంది గానీ పొయ్యి మీదకి గింజ లేదమ్మా, భృతి ఆపకండి," అని నరసయ్యమ్మ కళ్ళొత్తుకుంది.

దమయంతి గారికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "మాస్టారూ, పైపు పట్టుకోవడం, తిప్పడం, బిగించడం ఒక్కొక్కటే విడమరిచి చెప్పి చూడండి," అంది. మాస్టారు గొణుక్కుంటూనే చెప్పాడు. రెండర్థాల మాట ఏదీ లేకపోయేసరికి అన్నదమ్ములు పైపుని చక్కగా బిగించేశారు. నీళ్ళు వదిలి చూస్తే ఒక్క చుక్క కారలేదు!

మాస్టారు నోరు తెరిచాడు. దమయంతి గారు సంతోషపడిపోయింది. "ఇంకేం, మీకు పని దొరికినట్టే! మా ఆఫీసులో కొళాయిలన్నీ కారుతున్నాయి. రేపట్నుంచి మీరే చూసుకోండి. భృతి కాదు, జీతమే ఇస్తాం."

ఆ పూట గవరయ్య ఇంట్లో సంబరమే సంబరం.

మర్నాడు దమయంతి గారు ఆఫీసుకి వచ్చింది. గుమ్మంలోనే కాళ్ళు తడిశాయి. లోపల చూస్తే నేలంతా నీళ్ళు, ఫైళ్ళు పడవల్లా తిరుగుతున్నాయి. ఆ నీళ్ళ మధ్య అన్నదమ్ములిద్దరూ కుర్చీలేసుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, బొళబొళా కారుతున్న కొళాయి వైపు గుడ్లప్పగించి కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారర్రా!" అని కేక పెట్టింది ఆవిడ.

గవరయ్య తల తిప్పలేదు. "చూసుకుంటున్నామమ్మా! తెల్లారినప్పట్నుంచీ రెప్ప వెయ్యలేదు. ఒక్క చుక్క కూడా మేం చూడకుండా పోలేదు!"

"కళ్ళు మండితే మా వదిన చూస్తుందమ్మా," అన్నాడు సన్నాసప్పడు. "అదిగో, ఆ బల్లెక్కి రెండో కొళాయి చూస్తోంది!"