కానుగ నీడ, నల్లరాతి బల్ల

చంపకపురిలో రాజుగారు జనం కోసం వదిలేసిన తోట ఒకటుండేది. అందులో కానుగ చెట్లన్నీ కొట్టించేసి, వరసగా నల్లరాతి బల్లలు వేయించాలని మంత్రి దండపాణికి బుద్ధి పుట్టింది. ఆ చెట్ల వల్ల తన కొత్త మేడ ఎవరికీ కనబడటం లేదని ఆయన బాధ. "జనాన్ని అడగకుండా ఏమీ చెయ్యొద్దు" అన్నారు రాజుగారు.

సరేనని మంత్రి, వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం, రాజుగారి ఎదుట తోటలోనే సభ పెట్టించాడు. నమూనాకని పొద్దున్నే ఒక బల్ల తెప్పించి ఎండలో వేయించాడు. జనం కానుగల కింద చేరారు.

"నా ఆలోచన నచ్చినవాళ్ళు కూర్చోండి. వద్దనేవాళ్ళు నిలబడండి" అని గుడ్లురిమాడు మంత్రి. ఆ చూపుకి ఇంకెవరు నిలబడతారు? అందరూ చతికిలబడ్డారు.

తోటకి నీళ్ళు పోసే నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. ఆ చెట్లని కడవలు మోసి పెంచింది తనే మరి. అయినా బుద్ధిగా కూర్చుని చేతులు జోడించింది.

"మేమంతా కూర్చున్నాం బాబూ. తమరొక్కరే నిలబడ్డారు. తమరూ ఆ బల్ల మీద కూర్చుంటే అందరిదీ ఒకే మాటైపోతుంది కదా!"

మంత్రి పొంగిపోయి, ఉత్తరీయం సర్దుకుని, దర్జాగా బల్ల మీద కూర్చున్నాడు. మరుక్షణం "అమ్మో!" అంటూ ఎగిరి లేచి నిలబడ్డాడు.

"మహారాజా, మేమంతా భయపడి కూర్చున్నాం" అంది నూకాలు. "వద్దని లేచి నిలబడే ధైర్యం ఇంతమందిలో మంత్రిగారొక్కరికే ఉంది. వారి మాటే మా మాట!"

రాజుగారు పగలబడి నవ్వారు. కానుగలు బతికాయి. బల్ల నీడలోకి జరిగింది, దాని మీద మొదట నూకాలే కూర్చుంది.

మంత్రిగారు మాత్రం నాలుగు రోజులు కొలువులో నిలబడే ఉన్నారు.