ఏరిన విత్తనం

భిక్షమయ్య గురువుకు ఒక అలవాటుంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పడు, అడిగినవాడి చేతనే ఏదో ఒక పని చేయిస్తాడు. మోక్షం గురించి అడిగిన ఓ పెద్దమనిషి చేత పొద్దుగూకేదాకా కందులు చెరిగించాడని ఊళ్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఆ పొద్దున శిష్యుడు సమ్మయ్య తెచ్చింది మాత్రం నవ్వే సంగతి కాదు. ముందురోజు పత్తిచేనులో మందు కొడుతూ అతని తమ్ముడు ఓదెలు వీపున పంపుతోనే కూలిపోయాడు. పెద్దాసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. కాయల్లో పురుగు మాత్రం నిక్షేపంగా ఉంది. సమ్మయ్యకు దుఃఖం కంటే కసి ఎక్కువగా ఉంది.

"మనిషిని పడగొట్టిన మందుకు పురుగెందుకు సావలే గురువుగారూ? ఈపారి మూడింతలు గలిపి నేనే కొడ్త. దాని అంతు జూస్త."

"ఇంటికి పొయ్యి, దూలానికి కట్టిన జొన్నకంకులు పట్కరా," అన్నాడు గురువు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుందే ఈయన వరస, అనుకున్నాడు సమ్మయ్య. అయినా వెళ్లి తెచ్చాడు.

"విత్తనానికి ఇవే ఎందుకు దాచినవ్?"

"వానలు లేకున్నా నిలబడ్డయ్. తెగులుకు తట్టుకున్నయ్. చేన్ల ఉన్నప్పుడే వీటికి గుడ్డపేలికలు కడ్తం, కడమయి తింటం. మా నాయిన కాలం నుంచి గట్లనే. అందుకే మా జొన్న అంత గట్టిది." అంత బాధలోనూ అతని గొంతులో కాస్త గర్వం పలికింది.

"పత్తికి మందెన్నిసార్లు గొట్టినవ్?"

"ఐదుసార్లు. అన్నిసార్లు అదే మందు. పోయినపారి రెండింతలు గలిపినం."

"కొట్టినప్పుడల్ల ఏవి సచ్చినయ్?"

"తట్టుకోలేనియి."

"మిగిలినయి?"

"తట్టుకున్నయి. అవే మల్ల గుడ్లు పెట్టి…"

సమ్మయ్య చూపు చేతిలోని కంకి మీద పడింది. దానికి ఇంకా పేలిక వేలాడుతోంది. ఓదెలు తన పాత లుంగీ చింపి, ఏరి ఏరి కట్టిన పేలిక అది. సమ్మయ్య కంకిని గుండెకు అదుముకుని నేలమీద చతికిలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

గురువు వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"పురుగుకు గూడ గట్టి విత్తనమే ఏరినవ్ బిడ్డా," అన్నాడు. "పురుగులు వేలకు వేలు, కొన్ని సచ్చినా గట్టియి మిగుల్తయ్. ఓదెలు ఒక్కడే."