వలీ గారు విన్న క్లారినెట్

కృపావరం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళ మొహంలోకి కాసేపు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వేరే సంగతేదో ఎత్తుకునేవారు. చీరాలలో ఆయన దగ్గర కీబోర్డు నేర్చుకున్నవాళ్ళలో చాలామంది దాన్ని దాటవేయడం అనే అనుకున్నారు. ఆయన మాత్రం ఆ ప్రశ్నను మరిచిపోయేవారు కాదు. కొన్నాళ్ళకు దాన్ని చెయ్యి పట్టుకుని ఎక్కడికో తీసుకుపోయేవారు. ఆయన శిష్యురాలు కెజియా అడిగినదాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కనే ఉన్న పేరాలకు తీసుకుపోయారు.

కెజియా చిన్నప్పుడు వాళ్ళ ఊరి చర్చిలో కీబోర్డు వాయించేది. పక్కన డోలక్ మీద బాబాయి, వెనక పాడే ఆడపిల్లలు, తప్పు పోతే అందరూ కలిసి నవ్వుకోవడం, ఆమెకు తెలిసిన సంగీతం అది. చీరాల వచ్చాక పని వేరైంది. ఆర్కెస్ట్రాల వాళ్ళు స్టేజీ మీద పాడుకునేందుకు పాత సినిమా పాటల వాద్యసంగీతాన్ని, గొంతు లేకుండా, కొత్తగా తయారుచేసి ఇచ్చే స్టూడియో ఒకటి ఆమెకు పని ఇచ్చింది. అక్కడ వయొలిన్ లేదు, వేణువు లేదు, వాయించే మనిషీ లేడు. రికార్డులో వినిపించే ప్రతి వాద్యాన్నీ ఆమె సింథసైజర్ మీద పుట్టించాలి, విన్నవాళ్ళు పాత పాటే అనుకోవాలి. ఆ పని తన గదిలోనే చేసుకునేది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే ఇంటావిడ తలుపు కొట్టి కొట్టి టిఫిను గడప దగ్గర పెట్టి పోయినా తెలిసేది కాదు. ఊరి స్నేహితులు మొదట్లో ఫోన్లు చేసేవారు. తీయకపోతే ఎన్నాళ్ళని చేస్తారు? ఊరంతా పాడుకునే పాటల మధ్య ఉంటూ, పొద్దు గూకేదాకా ఒక్క మనిషితోనూ మాట్లాడని రోజులు ఆమెకు మామూలైపోయాయి.

ఆ పాటల్లో ఒకదానికి రెండో చరణం ముందు క్లారినెట్ వస్తుంది. ఆ ముక్క రాగానే స్టేజీ ముందు జనం ఈలలు వేస్తారు. కెజియా వారాల తరబడి దానిమీదే కూర్చుంది. మొదట వచ్చింది బోలు గొట్టంలో ఊదినట్టుండే మొరటు ధ్వని. దానికి ఊపిరి చేర్చింది. ఊదే చోట ఉండే కర్ర పలక గాలికి అదిరే సన్నటి జీర చేర్చింది. మీటల మీద వేళ్ళు పడే చిరు చప్పుడు కూడా వదల్లేదు. చివరికి రికార్డునూ తనదాన్నీ ఒకదాని వెంట ఒకటి వేసుకుంటే ఏది ఏదో ఆమే పోల్చుకోలేకపోయింది. ఆ రోజు ఆమెకు గట్టిగా అరవాలనిపించింది. గదిలో ఎవరూ లేరు. స్టూడియోకు పంపితే యజమాని నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.

మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్ళి ఫోనులో వినిపించింది. ఆయన విని తల ఊపారు.

"ఇది కుదిరిందో లేదో ఎవరు చెప్పాలి మాస్టారూ?" అని అడిగింది కెజియా. "కంప్యూటర్ తెర మీద రికార్డు ధ్వని గీతా, నా ధ్వని గీతా ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నా చెవికీ తేడా లేదు. అయినా లోపల ఏదో ఖాళీగానే ఉంది."

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఆదివారం ఆరాధన అయ్యాక కీబోర్డు పట్టుకుని రా. పేరాలలో మా వలీ భాయ్ ఉన్నాడు. చూసి చాలా రోజులైంది" అన్నారు.

మస్తాన్ వలీ ఒకప్పుడు మాస్టారితో కలిసి ఆర్కెస్ట్రాలో పనిచేసినవాడు. పెళ్ళి ఊరేగింపుల్లో డ్రమ్ముల పక్కన నిలబడి, స్టేజీల మీద స్పీకర్ల పక్కన కూర్చుని, వయసంతా క్లారినెట్ ఊదాడు. రెండో చరణం ముందు వచ్చే ఆ ముక్కకు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవాడట. జనం ఈలలు ఆయనకే. ముందు పళ్ళు పోయాక వాయిద్యం నోట నిలవక మానేశాడు. ఇప్పుడు బ్యాండుమేళం కొట్టుకు పైనున్న గదిలో ఒక్కడే ఉంటున్నాడు. కూతురు రెండు పూటలా క్యారేజీ పంపిస్తుంది.

వాళ్ళు వెళ్ళేసరికి ఆయన కిటికీకి వీపు పెట్టి మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాస్టారు దగ్గరగా వెళ్ళి, కుడి చెవి పక్కకు వంగి, గట్టిగా తన పేరు చెప్పారు.

"తెలుసులేవయ్యా, చూపు బాగానే ఉంది" అన్నాడు వలీ. కెజియాను చూసి, "ఈ అమ్మాయెవరు?" అన్నాడు.

"నా దగ్గర నేర్చుకుంది. నీ ముక్క వాయిస్తుంది, విను."

కెజియా కీబోర్డును బల్ల మీద పెట్టి, స్పీకరు తగిలించి, ఆ ముక్క వాయించింది. తాను ఇంతవరకు ఏ మనిషి ముందూ దాన్ని వాయించలేదని వాయిస్తున్నప్పుడే తట్టింది. పూర్తి చేసి తలెత్తి చూసింది.

వలీ మర్యాదకు నవ్వాడు. "ఏందమ్మాయ్, దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుందే?"

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. "రికార్డులో ఇలాగే ఉంది తాతగారూ. కావాలంటే అదే వేసి వినిపిస్తాను" అని గట్టిగా చెప్పి, ఫోనులోంచి అసలు పాట తీసి స్పీకరుకు పెట్టింది.

ఆయన దాన్నీ శ్రద్ధగా విన్నాడు. వింటున్నకొద్దీ మొహం చిన్నబోయింది. "ఇదీ అంతేనమ్మా. పాత పాటలన్నీ ఇట్టాగే పాడుచేసి పెట్టారు. రేడియోలో అంతే, టీవీలో అంతే. అసలు దాంట్లో కర్ర పలికేది. ఆ పలుకు తీసేశారు. ఎందుకు తీశారో ఏమో, నేను వినడమే మానేశా."

కెజియా మాస్టారి వైపు చూసింది. ఆయన గోడకున్న క్యాలెండరు చూస్తున్నారు. అసలు రికార్డే తప్పంటే ఇక ఏం మాట్లాడాలి? కీబోర్డు సంచీలో పెట్టేసి వెళ్ళిపోదామనుకుంది.

"ఒక్క పాటలేంది, అన్నీ పోతున్నాయి" అంటున్నాడు వలీ. "పిచ్చుకలు చూడు. ఇదివరకు ఈ కిటికీలో ఒకటే గోల. నిద్ర పోనిచ్చేవి కాదు. ఇప్పుడు ఒక్కటీ రాదు."

ఆయన వెనక కిటికీ ఊచల మీద నాలుగైదు పిచ్చుకలు కీచులాడుకుంటున్నాయి. వాటి గోలకు, ఆయన మాట సరిగ్గా వినపడక, కెజియా ముందుకు వంగి కూర్చుని ఉంది.

ఆమె పిచ్చుకల వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది.

తర్వాత సంచీ వైపు వెళ్ళాల్సిన చెయ్యి కీబోర్డు మీది నాబ్ దగ్గరికి వెళ్ళింది. ధ్వనిలో సన్నటి పైస్థాయి పలుకు ఎంత ఉండాలో చూసే నాబ్ అది. వారాల తరబడి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి కుదిర్చిన చోటు నుంచి దాన్ని కొంచెం పైకి తిప్పి, ఆ ముక్క మళ్ళీ వాయించింది. "ఇప్పుడు, తాతగారూ?"

"కొంచెం నయం."

ఇంకా తిప్పింది. "ఇప్పుడు?"

"రానీ, రానీ."

క్లారినెట్ పోయి రేకు ఈల అయింది. ఈల పోయి సూది అయింది. ఆమె కళ్ళు చిట్లించుకుని, పళ్ళు బిగబట్టి వాయించింది. ఊచల మీది పిచ్చుకలు ఒక్కసారిగా లేచిపోయాయి. అవి ఉన్నాయనీ, పోయాయనీ ఆయనకు తెలియలేదు. కింద కొట్టులోంచి ఎవరో ఆడమనిషి, "ఏందయ్యా ఆ కీచు, చెవులకు చిల్లులు పడుతున్నాయి!" అని కేకేసింది. మాస్టారు మెట్ల దాకా వెళ్ళి, ఆవిడకు ఏదో సర్దిచెప్పి వచ్చారు.

వలీ వీపు నిటారుగా అయింది. మోచేతులు పక్కలకు లేచాయి. లేని వాయిద్యం మీద వేళ్ళు ఒకటొకటిగా పడుతున్నాయి. ముక్క చివర ఊపిరి బిగబట్టే చోట, పళ్ళు లేని నోటిని గట్టిగా బిగించాడు. ఆ చోటు రికార్డులో ఎక్కడుందో కెజియాకు తెలుసు. ఆయన క్షణం కూడా తప్పలేదు.

"ఆఁ! కర్ర పలకడమంటే అదీ!" అన్నాడు. "ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచారమ్మా?"

మళ్ళీ వాయించమన్నాడు. పాట మొత్తం వాయించమన్నాడు. ఆమె వాయించింది. ఎదురుగా ఉన్న మనిషి ఎక్కడో దీపాల కింద, ఈలల మధ్య నిలబడి ఉన్నాడని కనిపిస్తూనే ఉంది. ఆయనకు వినిపిస్తున్నది మాత్రం ఆమెకు అందదు. తాను వింటున్నది ఆయనకు అందదు. ఇద్దరి మధ్య ఉన్నది చిన్న బల్ల. గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నప్పుడు కూడా ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. అయినా వేళ్ళు ఆపబుద్ధి కాలేదు.

పాట అయ్యాక, "నీకూ బాగుంది కదూ?" అన్నాడాయన, ఆమె మొహంలోకి ఆశగా చూస్తూ.

"బాగుంది తాతగారూ" అంది కెజియా.

వచ్చే ఆదివారం కూడా రమ్మని రెండుసార్లు చెప్పి, మెట్ల పైదాకా వచ్చి సాగనంపాడు.

రోడ్డు మీద ఎండ తగ్గలేదు. కెజియా చెవుల్లో ఇంకా హోరు తగ్గలేదు. మాస్టారు కీబోర్డు సంచీ తాను తీసుకుని భుజాన వేసుకున్నారు. కొంతదూరం వెళ్ళాక ఆమే మాట కదిపింది.

"ఆయనకు చెప్పాల్సింది కదా మాస్టారూ? చెవి మిషను పెట్టిస్తే..."

"కూతురు కొనిచ్చింది. గిన్నెల చప్పుళ్ళు, హారన్లు తప్ప ఇంకేమీ వినపడటం లేదని తీసి పెట్టెలో పెట్టాడు. చెవుడని వలీకి తెలుసు. దాంతోపాటు పాట కూడా పోయిందని తెలియదు."

"నేను ఇవాళ వాయించింది తప్పు ధ్వని."

షేర్ ఆటో ఒకటి ఆగి, వీళ్ళు ఎక్కకపోయేసరికి ముందుకు పోయింది. కెజియా తలవంచుకుని నడుస్తోంది. పక్కన నడుస్తున్న మాస్టారికి తాను మూడేళ్ళుగా ఎన్నో ధ్వనులు వినిపించింది. బాగుందా, కుదిరిందా అని అడిగింది. ఆయన తల ఊపితే మురిసిపోయింది, ఊపకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చేసింది. అంతకుమించి ఆయన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఈ మాట ఇప్పుడే తట్టింది.

"మాస్టారూ," అంది, "అక్కడ నేను పెంచుకుంటూ పోయాను కదా. మీకెలా వినిపించింది?"

కృపావరం మాస్టారు ఆగారు. ఈసారి కళ్ళద్దాలు తీయలేదు. సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నారు.

"నువ్వు మొహం చిట్లించిన తర్వాత కూడా, నాబ్ ఇంకొంత దూరం తిరిగేదాకా, నా చెవికి బాగానే ఉందమ్మా" అన్నారు.