సిద్ధమ్మవ్వ తీసిన మూత

దగ్గరికి జరగండి తల్లీ. ఆ స్తంభానికి ఆనుకున్న నాయనా, నువ్వు కూడా రా. సిద్ధమ్మవ్వ మఠంలో జరిగిన ముచ్చట చెబుతాను.

మదనపల్లె పక్కన ఓబులేశని అవ్వకో శిష్యుడు. షెడ్డు వేసి, మట్టి లేకుండా, గొట్టాల్లో పారే నీళ్లలో పాలకూర పెంచేవాడు. ఉన్నదంతా ఆ షెడ్డు మీదే పెట్టాడు. ఆకు అరచేతంత, పురుగన్నది లేదు. కొనేవాళ్లే లేరు. ఇంకో నెల ఇట్లాగే గడిస్తే షెడ్డు విప్పేయాల్సిందే.

సోమవారం అన్నదానానికి రెండు బుట్టలు మోసుకొచ్చాడు. వేపుడు చేసి వడ్డించారు. జనం దాన్ని విస్తరి అంచుకు నెట్టి మిగతాదంతా తిన్నారు.

"మందునీళ్లలో మొలిచిందంట కదబ్బా?" అంది పంక్తిలో కూర్చున్న రత్తమ్మ.

"అత్తా, నీ మడిలో వేసే ఎరువులో ఉండేదే ఆ నీళ్లలోనూ ఉంటుంది," అన్నాడు ఓబులేశు.

"అయితే మడిలోదే తింటాలే!"

పంక్తంతా నవ్వింది. ఓబులేశు అన్నం ముట్టకుండా అవ్వ దగ్గరికెళ్లాడు.

"వీళ్లకి చెప్పి చెప్పి నోరు పోయిందవ్వా. మూఢజనం. నీ నోటితో ఒక్క మాట చెప్పు, రేపట్నుంచి కొంటారు."

అవ్వ వాకిట్లోకి చూసింది. "నీ బండికి తగిలించిన క్యారేజీ ఏంది?"

"షెడ్డు కాడ తినమని అమ్మ కట్టిచ్చింది."

"ఇట్లా తే."

తెచ్చాడు. అవ్వే మూత తీసింది. పాలకూర పప్పు. రత్తమ్మ తొంగి చూసింది. "కమ్మగా ఉందే వాసన! ఇది నీ నీళ్లకూరేనా?"

ఓబులేశు తల దించుకున్నాడు. "సంతలోది."

"ఎందుకు?" అంది అవ్వ.

"అమ్మ ఒప్పుకోదవ్వా. మట్టి తగలని ఆకు తన పొయ్యి మీదికి రానీదు."

"నువ్వేం చెప్పినావు?"

"అమ్మకా... ఏం చెప్పలేదు."

అవ్వ మూత పెట్టి క్యారేజీ చేతికిచ్చింది. "ముందు నీ ఆకును ఇందులోకి తెచ్చుకో నాయనా. నేను తర్వాత చెబుతా."

మళ్లీ సోమవారం ఓబులేశు బండి వెనకాల వాళ్లమ్మ కూర్చుని వచ్చింది, ఒళ్లో క్యారేజీ. షెడ్డు వేసి ఇన్నాళ్లయినా ఆమె అందులో కాలు పెట్టింది ఆ వారమే. గొట్టాల్లో చెయ్యి పెట్టి మొక్కల వేళ్లు తడిమి చూసిందట, ఆకు తనే కోసుకొచ్చిందట.

పంక్తిలో కూర్చుని మూత తీసింది. కొడుక్కి వడ్డించి, తనూ ఒక ముద్ద తింది.

"ఎట్లా ఉంది వదినా?" రత్తమ్మ ఆగలేకపోయింది.

"ఉప్పు ఒక పలుకు ఎక్కువేసినాను. ఆకుదేం తప్పు లేదు."

రత్తమ్మ విస్తరి ముందుకు జరిపింది. "ఇట్లా ఒక గరిటెయ్యి, చూస్తాం." ఆమె పక్కనున్నామె కూడా జరిపింది.

ఓబులేశు అవ్వ వైపు తిరిగాడు. "ఏదో చెబుతానంటివి కదవ్వా?"

"ఇంకా నేను చెప్పాల్నా?" అని అవ్వ మజ్జిగ పోసుకుంది.

వెళ్లేముందు ఇదొక్కటి మనసులో పెట్టుకోండి తల్లీ. ఇది మంచిదని పదిమందికీ చెప్పబోయే రోజున, ముందు ఇంటికెళ్లి మీ క్యారేజీ మూత తీయండి.