పొరుగువాళ్ళకు లేని పండుగ

ఉత్తరాన, సముద్రం సైతం చలికి బిగుసుకుపోయే చోట, ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని వాల్డెమార్ అనే రాజు ఏలుతుండేవాడు. ఏలడమంటే మరేం లేదు, మధ్యాహ్నానికి నిద్రలేచి, జనమంతా సోమరిపోతులైపోయారని సాయంత్రందాకా వాపోవడం.

ఆ జనం బతుకంతా చేపలమీదే. మగవాళ్ళు పడవలేసుకుని వేటకి పోయేవారు. ఆడవాళ్ళు ఒడ్డున చేపలు కోసి, ఉప్పు పట్టించి, పీపాల్లోకి ఎత్తేవారు. ఉప్పుకి వేళ్ళు పగిలి నెత్తురు కారినా పని ఆగేది కాదు. పని ఆగే రోజులు ఏడాది మొత్తానికి రెండే.

ఒకటి రాజుగారి పుట్టినరోజు. పేరుకే అది పండుగ. ఆ రోజు పడవలన్నీ కట్టేసి, ముసలీ ముతకా, పిల్లా జెల్లా కోట ముందు మైదానంలో మంచులో నిలబడాలి. రాజుగారు నిద్రలేచి మేడమీదికి వచ్చేదాకా చప్పట్లు కొడుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, వీపుమీద కొరడా ఆడేది.

రెండోది మునిగినవాళ్ళ రోజు. సముద్రం మింగేసిన తమ మనుషుల్ని తలుచుకునే రోజు. ఆ రోజు ఎవరూ వల ముట్టరు, కత్తి పట్టరు. రొట్టెలు కాల్చేవాళ్ళు కూడా పొయ్యి వెలిగించరు. ముందురోజు కాల్చిపెట్టుకున్న యాలకుల రొట్టెలు తింటూ అందరూ ఒడ్డున కూర్చుంటారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, కునుకు తీసేవాళ్ళు కునుకు తీస్తారు. అడిగేవాడుండడు.

అడిగేవాడు ఒకడు బయల్దేరాడు. ఫ్రోదె అని, రాజుగారి మంత్రి. తూర్పు పొరుగు రాజ్యమూ పడమటి పొరుగు రాజ్యమూ తిరిగొచ్చి, నిధి కనిపెట్టినవాడిలా సభలో నిలబడ్డాడు.

“మహాప్రభూ! ఈ మునిగినవాళ్ళ రోజు మన పొరుగున ఎవరికీ లేదు. ఆ రోజు మనవాళ్ళు ఒడ్డున రొట్టెలు నములుతుంటే, మన చేపలన్నీ వాళ్ళు పట్టుకుపోతున్నారు!”

“మన చేపలా!” రాజు సింహాసనం మీంచి ఎగిరిపడ్డాడు.

అప్పటికప్పుడు శాసనం పుట్టింది. ‘పొరుగు రాజ్యాలు రెండింట సెలవైన రోజే మనకూ సెలవు. తక్కిన రోజులన్నీ పనిరోజులు.’ తన మాటకి తానే మురిసిపోయి, రాజు దాన్ని కోటగుమ్మం మీద రాతిలో చెక్కించాడు.

ఆ సభలో ఆస్కెల్ అనే హాస్యగాడు ఉండేవాడు. చేపలకి ఉప్పు పట్టించిన ఆడమనిషి కొడుకు. నోటి చలవతో కోటలోకి ఎక్కాడు. శాసనం సంగతి ఊరికి తెలిసిన సాయంత్రం అతను రేవుకి వెళితే, వాళ్ళమ్మతో కలిసి పనిచేసిన సొల్వై అనే ముసలామె చేతిలో కత్తితోనే ఎదురొచ్చింది.

“రావయ్యా రా, రాజుగారి నవ్వులవాడా! మా రోజు మా చేతుల్లోంచి లాక్కుంటుంటే పక్కన కూర్చుని పళ్ళికిలించావా?”

“లేదు పెద్దమ్మా. నోరు మూసుకుని కూర్చున్నాను.”

“అది గొప్పేమిట్రా? చేప కూడా నోరు మూసుకునే చస్తుంది. నా ఇద్దరు కొడుకులకీ సమాధి లేదు. ఆ ఒక్కరోజే వాళ్ళకి సమాధి. దాన్నీ తవ్వి పారేశాడు మీ రాజు!”

మర్నాడు రాజు సభకి వస్తుంటే, ఆస్కెల్ పుట్టినరోజు భేరీలన్నీ బండికెత్తించి కోట బయటికి తోలిస్తూ కనబడ్డాడు.

“ఏమిట్రా ఇది?” అన్నాడు రాజు.

“తమ పుట్టినరోజు భేరీలు ప్రభూ. ఇంక వీటితో పనిలేదుగా. తోలు ఊడదీసి చెప్పులు కుట్టిద్దామని.”

“నా పుట్టినరోజుకి ఏం వచ్చింది?”

“శాసనం వచ్చింది ప్రభూ. పొరుగువాళ్ళకి సెలవైతేనే మనకీ సెలవన్నారు. తమరు పుట్టినందుకు వాళ్ళెవరూ పని మానినట్టు లేదు.”

సభలో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

“రాజుగారి పుట్టినరోజుకి శాసనం వర్తించదు!” అని అరిచాడు ఫ్రోదె.

“అలాగే మంత్రిగారూ. శిల్పిని పిలిపించి ఆ ముక్క కూడా గుమ్మం మీద చెక్కించండి. ‘ఈ మాట ఊరందరికీ, చెప్పినవారికి తప్ప’ అని. వచ్చేపోయేవాళ్ళు చదువుకుంటారు.”

రాజు మొహం కందగడ్డ అయింది. చెక్కించిన మాట చెరిపితే పరువు పోతుంది. పుట్టినరోజు మానుకుంటే ప్రాణమే పోతుంది.

“అయితే పొరుగువాళ్ళే నా పుట్టినరోజు చేసుకుంటారు!” అని గర్జించాడు. “నువ్వే వెళ్ళి ఒప్పించుకు రా. ఒట్టిచేతులతో వచ్చావా, బతికినంతకాలం నా ఓడలో తెడ్డు వేస్తావు!”

“చిత్తం,” అన్నాడు ఆస్కెల్, వీలైనంత దిగులుగా.

తూర్పు రాజ్యంలో అతను ముందు కోటకి పోలేదు. రేవుకి పోయాడు. అక్కడా ఆడవాళ్ళు చేపలు కోస్తున్నారు. అవే కత్తులు, అవే పగిలిన వేళ్ళు.

“అమ్మా, మీకు మునిగినవాళ్ళు లేరా?” అని అడిగాడు.

“నీ తలకాయ! సముద్రం మీవాళ్ళని మింగి మావాళ్ళని ముద్దుపెట్టుకుంటుందా?” అంది ఒకామె.

“మరి వాళ్ళని తలుచుకోవడానికి ఒక రోజు పెట్టుకోరాదూ?”

“మా రాజు ఒప్పుకోడు. మేం ఒడ్డున కూర్చుంటే మా చేపలు మీవాళ్ళు పట్టుకుపోతారట.”

ఆస్కెల్ పగలబడి నవ్వాడు. పడమటి రాజ్యంలోనూ అదే పాఠం వినిపించింది. ముగ్గురు రాజులూ ఒకే చేపని తమదంటున్నారు. మధ్యలో నలుగుతున్నది జనం.

అప్పుడు వెళ్ళాడు రాజుల దగ్గరికి. “ప్రభూ, మునిగినవాళ్ళని తలుచుకునే రోజున మూడు రాజ్యాల పడవలూ ఒడ్డునే ఉంటే, ఎవరి చేప ఎవరు పడతారు?” అని అడిగాడు. రెండుచోట్లా కాసేపు గడ్డాలు నిమురుకుని, చివరికి సరేనన్నారు.

ఆస్కెల్ తిరిగొచ్చేటప్పుడు వెంట ఇద్దరు రాయబారులు కూడా వచ్చారు.

“మహారాజా,” అన్నాడు తూర్పు రాయబారి, “తమ పుట్టినరోజు మా దేశంలో పెద్ద పండుగ. కొత్తగా ఒప్పుకునేదేం లేదు, ఏనాటినుంచో చేసుకుంటున్నాం.”

“మా దేశంలో కూడా అంతే. ఆ రోజు ఆనందం పట్టలేం,” అన్నాడు పడమటి రాయబారి.

రాజు పొంగిన రొట్టెలా ఉబ్బాడు. “విన్నావా ఫ్రోదె! చెప్పండయ్యా, నేనంటే ఎందుకంత అభిమానం? నా శౌర్యం చూసా, పాండిత్యం చూసా?”

రాయబారులిద్దరూ మొహాలు చూసుకున్నారు. తూర్పు రాయబారే నోరు విప్పాడు.

“ఆ రోజు తమ జనమంతా పడవలు కట్టేసి చప్పట్లు కొడుతుంటారు గదా మహారాజా. సముద్రమంతా మాదే. మా ఊళ్ళలో పీపాలు చాలవు. తమరు ఏడాదికి రెండుసార్లు పుట్టాలని మా జాలర్లు దేవుడికి మొక్కుకుంటున్నారు.”

ఆస్కెల్ మెల్లగా లేచాడు.

“కాబట్టి ప్రభూ, అది వాళ్ళకి పండుగే గాని సెలవు కాదు. రెట్టింపు పనిరోజు. శాసనం ప్రకారం మనవాళ్ళు కూడా ఆ రోజు వేటకి పోవాల్సిందే. ఇక మునిగినవాళ్ళ రోజు సంగతా? రాయబారులే చెప్తారు.”

“ఈ ఏటినుంచి ఆ రోజు మా పడవలు కదలవు,” అన్నారు ఇద్దరూ. “రెండు దేశాల్లోనూ సెలవు.”

“మోసం! దగా!” అని గంతులేశాడు ఫ్రోదె.

“మోసమెక్కడిది మంత్రిగారూ? మన చేపలు వాళ్ళు పట్టుకుపోతున్నారని తమరు చెప్పింది నిజమే. ఏ రోజున అన్నది మాత్రం దాచుకున్నారు.”

రాజు మంత్రినీ, ఆస్కెల్‌నీ మార్చి మార్చి చూశాడు. తెడ్డే గతి అనుకున్నాడు ఆస్కెల్. ఉన్నట్టుండి రాజుగారి బొజ్జ నవ్వుకి కదిలింది.

“ఒరే, మరి నా పుట్టినరోజుకి చప్పట్లు ఎవరు కొడతార్రా?”

“రాజభక్తిలో మంత్రిగారిని మించినవారెవరు ప్రభూ? మంచులో వారొక్కరు నిలబడితే పదివేలు.”

ఇక రాజు ఆగలేదు. కిరీటం పక్కకి జారిపోయేలా నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, తన భుజాలమీది నక్కబొచ్చు కోటు తీసి ఆస్కెల్‌కి స్వయంగా తొడిగాడు. మునిగినవాళ్ళ రోజు మళ్ళీ సెలవని దండోరా వేయించాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆస్కెల్ ఆ కోటు తొడుక్కుని రేవుకి వెళ్ళాడు. సొల్వై అతన్ని ఎగాదిగా చూసింది.

“రాజుగారు ఇచ్చాడు పెద్దమ్మా. మీ రోజు కూడా ఆయనే ఇచ్చాడు.”

“నీకిచ్చిన కోటు ఆయనది. మాకిచ్చిన రోజు మాదే. మాది మాకిస్తే ఆయన సొమ్మేం పోయింది? దానికి మూడు రాజ్యాలు కదలాల్సి వచ్చిందా!”

ఆస్కెల్ తల వంచుకున్నాడు. ఆమె పక్కకి జరిగి చోటిచ్చింది. సగం రొట్టె తుంచి చేతిలో పెట్టింది.

“కూర్చో. ముందు ఆ కోటు తీసి అవతల పెట్టు. నీళ్ళలోంచి చూస్తే మీ నాన్న నిన్ను గుర్తుపట్టొద్దూ?”