కప్పురం ముక్కు మీది పుండు

తప్పు నూకాలుదే. కుక్క ముక్కు మీద లేచిన పుండుకు తప్పు పేరు పెట్టింది. ఆ పేరును నమ్ముకుని మూడు నెలలు పోగొట్టింది.

అనగనగా అనగానే ఒక రాజు అనుకుంటారు మీరు. రాజుగారు వస్తారు, కాస్త ఆగండి. అనగనగా ఒక కుక్క.

సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఊరొకటి ఉండేది. అక్కడ నూకాలుకు నాలుగు ఉప్పుమడులు, ఒక తెల్లకుక్క. కుక్క పేరు కప్పురం. ఒళ్ళంతా తెలుపు, ముక్కు మాత్రం లేత గులాబి. ఆ ముక్కంటే ఊరికి ప్రాణం. వాన ఇంకా కొండ అవతల ఉండగానే కప్పురం పసిగట్టేది. "తడికలు! తడికలు!" అని గట్ల మీద పరుగెత్తేది. జనం ఉప్పుకుప్పల మీద తాటాకు తడికలు కప్పేసేవారు. ఒక్క ఉప్పుగల్లు కూడా కరిగేది కాదు.

"నేను లేకపోతే ఈ ఊరి ఉప్పంతా మళ్ళీ సముద్రం పాలే," అని కప్పురం కాకులకు చెప్పుకునేది. కాకులు కాదనేవి కావు.

ఉప్పుమడుల్లో దిగేవాళ్ళకు ఏటా ఎండాకాలం కాళ్ళకు పుళ్ళు లేస్తాయి. వాటిని ఆ ఊళ్ళో ఉప్పుపుళ్ళు అంటారు. ఎవరూ మందు వేయరు. తొలకరి పడి మడుల్లో పని ఆగితే వాటంతట అవే మానిపోతాయి.

చైత్రమాసంలో కప్పురం ముక్కు మీద ఆవగింజంత పొక్కు లేచింది.

"ఉప్పుపుండే," అంది నూకాలు. వేపపసరు రాసింది. పుండు చెక్కు కట్టింది, ఆ చెక్కు రాలింది. "మానిపోయిందమ్మా!" అని కప్పురం గంతులు వేసింది. వారం తిరిగేసరికి పొక్కు మళ్ళీ లేచింది. నూకాలు పసుపు, కొబ్బరినూనె కలిపి రాసింది. మళ్ళీ చెక్కు, మళ్ళీ గంతులు, మళ్ళీ పుండు. ఈసారి శనగబద్దంత. మూడోసారి ఏమీ రాయలేదు. "వాన రానీ, అదే పోతుంది," అంది.

వాన వచ్చింది. ఊరందరి పాదాలూ మానాయి. మడులన్నిటికీ పెద్ద అయిన సింహాద్రి కాళ్ళు చాపి మురిసిపోయాడు.

"చూడవే నూకాలూ! పెళ్ళికొడుకు పాదాలు!"

నూకాలు ఆ పాదాలు చూసింది. తరువాత కప్పురం ముక్కు చూసింది. పుండు అంచులు గట్టిపడి ఉన్నాయి, మధ్యలో నెత్తురు చెమరుస్తోంది.

"ఇది ఉప్పుపుండు కాదు మామా."

"ఉప్పులో పుట్టింది ఉప్పుపుండు కాక బెల్లంపుండు అవుతుందా?" అన్నాడు సింహాద్రి. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు.

నూకాలు నవ్వలేదు. "అందరివీ మానాయి. దీనిది మానలేదు," అంది. కుక్కను వెంటబెట్టుకుని పొరుగూరి పశువుల వైద్యుడు వీరాసామి దగ్గరకు నడిచింది.

వీరాసామి మూడు ప్రశ్నలు అడిగాడు.

"దీని ముక్కు పుట్టుకతోనే గులాబీయా?"

"అవును తాతా."

"మిట్టమధ్యాహ్నం కూడా మడుల్లోనే ఉంటుందా?"

"ఉంటుంది."

"పుండు లేచి ఎన్నాళ్ళయింది?"

నూకాలు తల దించుకుంది. "మూడు నెలలు."

"నల్లముక్కు కుక్కకు ఆ నలుపే గొడుగు. దీనికి ఆ గొడుగు లేదు. పైనుంచి ఎండ, కిందనుంచి తెల్లటి ఉప్పు మీద పడి లేచే ఎండ. ఇది రాచపుండు. ఇంకా పైతోలులోనే ఉంది. ఇప్పుడు కోసేస్తే బతుకుతుంది. నెల ఆగితే లోపలికి దిగుతుంది. అప్పుడు నేనేమీ చేయలేను."

ఆ మాట ఊరికి చేరింది. సింహాద్రి పరుగున వచ్చాడు. "కొయ్యడమా! రాజుగారు మన గులాబిముక్కు కుక్కను చూడ్డానికి వస్తున్నారే! పై పున్నమికి! మొండిముక్కు చూపిస్తామా? ఒక్క నెల ఆగవే తల్లీ!"

కప్పురం తోక ముడిచింది. "ముక్కు పోతే నేను ఉత్త కుక్కనే కదమ్మా."

"ప్రాణం పోతే ఆ ఉత్త కుక్కవు కూడా కావు," అంది నూకాలు. "నడు."

వీరాసామి మత్తుమందు పట్టించాడు. పుండును, దాని చుట్టూ వేలిమందం తోలును కోసి తీసేశాడు. కుట్లు వేసి కట్టు కట్టాడు. మూడోనాటికి కప్పురం గంజి తాగింది. పదోనాటికి పొరుగింటి చేపల బుట్టలో తల పెట్టింది. తిట్లు తింది. ఆ తిట్లు విని నూకాలుకు కడుపు నిండింది.

పున్నమినాడు రాజుగారు మంత్రిని వెంటబెట్టుకుని ఏనుగు మీద, వెండిగొడుగు కింద విచ్చేశారు. కుక్కను చూసి కనుబొమలు ఎత్తారు.

"గులాబిముక్కు అన్నారు. ఏదీ?"

సింహాద్రి నూకాలు వెనక్కి జరిగాడు. కప్పురమే ముందుకు వచ్చి కూర్చుంది.

"పోయింది ప్రభూ. అది గుమ్మం మీది రంగు మాత్రమే. వాసన చూసే గది లోపల ఉంది, భద్రంగా ఉంది. తమరు కాస్త ఆ తడికల కిందికి దయచేయండి."

"ఎందుకు?"

"వాన."

ఆకాశంలో మబ్బుతునక లేదు. రాజుగారు నవ్వారు. మంత్రి నవ్వాడు. ఏనుగు కూడా నవ్వినట్టే ఉంది. నూకాలు మాత్రం తడికలు లాగడం మొదలుపెట్టింది. గడియ తిరక్కుండా కుండపోతగా కురిసింది. వెండిగొడుగు వెనక్కి తిరగబడింది. రాజుగారు ఉప్పుకుప్ప పక్కన తాటాకుల కింద ముడుచుకుని కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వారు. కప్పురం మెడకు తన ముత్యాలదండ తీసి వేశారు.

ఊరు పండగ చేసుకుంది. నూకాలు మటుకు ఆ సాయంత్రమే ఒక నిర్ణయం తీసుకుంది. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ తన మడుల్లో మనిషిగాని కుక్కగాని ఉండకూడదు. అమావాస్య అమావాస్యకు అందరి ముక్కులూ చెవులూ కాళ్ళూ తానే చూడాలి. ఒక అమావాస్యకు కనబడిన పుండు మరో అమావాస్యకు మానకపోతే, ఊరు దానికి ఏ పేరు పెట్టినా సరే, వైద్యుడికి చూపించి తీరాలి.

మరుసటి ఏడు సింహాద్రి పెదవి మీద ఒక పుండు మానకుండా నిలిచింది. నూకాలు అతని చెయ్యి పట్టుకుని వైద్యుడి దగ్గరకు లాక్కెళ్ళింది.

"కుక్కను లాక్కెళ్ళినట్టు లాక్కెళ్తున్నావేమే!"

"కుక్కే నయం మామా. అది నడిచి వచ్చింది."

వేళకు చూపించుకోబట్టి సింహాద్రి బతికాడు. జుట్టు నెరిసేదాకా నూకాలు ఒక్క అమావాస్య కూడా తప్పలేదు.

తెలిసిన పేరు పెట్టినంత మాత్రాన తెలియని జబ్బు తెలిసినట్టు కాదు. మానని పుండును దాచకుండా, ఆలస్యం చేయకుండా చూపించినవారే ప్రాణం నిలుపుకుంటారు.